అన్నిటికీ షార్ట్ సర్క్యూటేనా?

ఎక్కడైనా అగ్నిప్రమాదం జరిగిన మర్నాడు ఏ పేపరైనా తెరిచి చూడండి. "షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా తేలింది" అనే వాక్యం ఉండి తీరుతుంది. ఇంకా బూడిద చల్లారి ఉండదు. శవాలను గుర్తుపట్టే పని కూడా పూర్తయి ఉండదు. కారణం మాత్రం తేలిపోతుంది! ఎవరు తేల్చారు, ఏ తీగ ముక్కను ఏ లాబులో పెట్టి చూశారు అని అడిగేవాడు ఉండడు. పూర్వం ఊళ్ళో వామి తగలబడితే అమ్మవారికి కోపం వచ్చిందనేవారు. ఇప్పుడు అమ్మవారి పేరు మారిందంతే.

మనం హేతువాదులం. బాబాలు గాల్లోంచి విబూది తీస్తే ఊరుకోం, చొక్కా చేతులు పైకి మడవమంటాం. కానీ మన కళ్ళ ముందు ఒక ఇన్‌స్పెక్టరు గాల్లోంచి "షార్ట్ సర్క్యూట్" తీస్తే మాత్రం తల ఊపేస్తాం. అది సైన్సు మాటలా వినిపిస్తుంది కాబట్టి.

నేను ఇంజనీరును కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. లెక్క కుదరని మొత్తం వస్తే మేం దాన్ని సస్పెన్స్ పద్దు కింద వేస్తాం. అంటే "ఇది ఏమిటో ఇంకా తెలియదు, తేల్చాలి" అని అర్థం. ఆ పద్దును ఎప్పటికైనా తేల్చి మూసెయ్యాలి, లేకపోతే ఆడిట్ వాళ్ళు వదలరు. షార్ట్ సర్క్యూట్ అన్నది మన దేశపు అగ్నిప్రమాదాల సస్పెన్స్ పద్దు. వెయ్యడం ఉంది గానీ తేల్చడం లేదు.

అసలు ఈ మాటలో ఉన్న చిక్కేమిటో చూద్దాం. కాలిపోయిన ఇంట్లో రాగి తీగల చివర్లు కరిగి చిన్న పూసల్లా కనిపిస్తాయి. అవి చూసి షార్ట్ సర్క్యూట్ జరిగిందంటారు. నిజమే, జరిగింది. కానీ ఎప్పుడు జరిగింది? నిప్పు పుట్టకముందా, పుట్టిన తరువాతా? మంట వేరే ఎక్కడో, చెత్తబుట్టలోనో గ్యాసు దగ్గరో పుట్టినా, అది తీగ దాకా వచ్చాక మీద ఉన్న ప్లాస్టిక్ తొడుగు కాలిపోతుంది. లోపల కరెంటు ఉంటే రెండు తీగలూ తగులుకుంటాయి. అప్పుడూ అలాంటి పూసలే వస్తాయి. అంటే షార్ట్ సర్క్యూట్ మంటకు కారణం కావచ్చు, మంటకు ఫలితమూ కావచ్చు. పూసను చూసినంత మాత్రాన ఏదో చెప్పలేం. కోడి కూసింది కాబట్టి తెల్లారిందనడం లాంటిదే ఇదీ.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. షార్ట్ సర్క్యూటే అనుకుందాం. రెండు తీగలు నేరుగా కలిస్తే వందల ఆంపియర్లు పారతాయి, సరైన ఎంసీబీ ఉంటే కన్ను మూసి తెరిచేలోగా పడిపోతుంది. అంటే సాదా షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడే పరికరం మన దగ్గర ఉంది. ఎంసీబీ పట్టుకోలేనిది వేరే ఉంది, వదులు జాయింటు. స్క్రూ సరిగ్గా బిగించని చోట, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన చోట, పాత అల్యూమినియం వైరుకు కొత్త రాగి వైరు అతికిన చోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది. కరెంటు మాత్రం మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. నెలల తరబడి అక్కడ ప్లాస్టిక్ మెల్లగా మాడుతూ ఉంటుంది. ఒకరోజు అంటుకుంటుంది.

ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు కథ ఇదే. 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. ఆ రోజు పొద్దున్నే అక్కడి ట్రాన్స్‌ఫార్మరులో ఒకసారి నిప్పంటుకుంది. రిపేరుకు వచ్చినవాళ్ళు కేబులు చివర సాకెట్టును క్రింపింగ్ మిషనుతో నొక్కకుండా డై, సుత్తి పెట్టి కొట్టి బిగించారు. సాయంత్రానికి ఆ వదులు కనెక్షను నిప్పురవ్వలు కక్కింది, కేబులు ఊడి రేడియేటరుకు తగిలింది, నూనె కారి అంటుకుంది. అంటే కారణం ఒక క్రింపింగ్ మిషను లేకపోవడం. దానికి "షార్ట్ సర్క్యూట్" అని పేరు పెట్టేస్తే ఆ మిషను సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకొకటి: చచ్చిపోయిన ఆ 59 మందీ బాల్కనీలో కూర్చున్నవాళ్ళు. మంట కింద పార్కింగులో. వాళ్ళను చంపింది పొగ.

ఇక పొగ దగ్గరకు వద్దాం. మన ఇళ్ళలో వైర్ల మీద ఉండేది పీవీసీ. ఈ ప్లాస్టిక్ బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. ఇది పూర్తిగా చెడ్డ సరుకు అనడం అన్యాయం. క్లోరిన్ ఉండబట్టే గట్టి పీవీసీ తేలిగ్గా అంటుకోదు, మంట తీసేస్తే ఆరిపోతుంది. మా చిన్నప్పుడు చెక్క బద్దీల్లో రబ్బరు, నూలు చుట్టిన వైర్లు ఉండేవి. వాటితో పోలిస్తే పీవీసీ పెద్ద మెరుగుదల. అయితే గొట్టంలో ఉండే గట్టి పీవీసీ వేరు, వైరు మీది మెత్తటి పీవీసీ వేరు. వైరు వంగాలి కాబట్టి అందులో మెత్తబరిచే నూనెల్లాంటి పదార్థాలు కలుపుతారు. సుద్ద కూడా కలుపుతారు. ఆ నూనెలు మండుతాయి. "పీవీసీ అంటుకోదండీ" అని షాపులో చెప్పేమాట గొట్టానికి వర్తిస్తుంది గానీ వైరుకు అంతగా కాదు.

వేడి రెండు వందల డిగ్రీలు దాటాక పీవీసీలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు బయటికి వస్తుంది. తడి తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కళ్ళూ ముక్కూ గొంతూ అన్నీ తడే కదా. దీనికి నేనొక లెక్క వేసుకున్నాను. అలవాటు పోదు! 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 90 మీటర్ల చుట్టలో రాగి పోగా ప్లాస్టిక్ ఆరు వందల గ్రాముల దాకా ఉంటుంది. అంటే చుట్టన్నరలో సుమారు ఒక కిలో. మామూలు పీవీసీ వైరు తొడుగు కిలో పూర్తిగా కాలితే పావు కిలో దాకా హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది గది వేడిలో 160 లీటర్ల పైన వాయువు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 28,300 లీటర్లు. భాగించండి. గాలి పది లక్షల వంతుల్లో 5,700 వంతుల పైన ఈ ఆమ్ల వాయువు. ప్రాణాపాయం అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు పది లక్షలకు 50 వంతులు. వంద రెట్లకు పైనే తేలింది. అంతా ఒకేసారి కాలదు, కొంత గోడలకు అంటుకుపోతుంది, కొంత కిటికీలోంచి పోతుంది. ఒప్పుకుంటాను. పదో వంతే వేసుకోండి, అప్పటికీ హద్దుకు పది రెట్లు దాటే ఉంది.

ఇక్కడ పీవీసీ కంపెనీల వాదన కూడా చెప్పాలి. ఏ మంటలోనైనా ఎక్కువ మందిని చంపేది కార్బన్ మోనాక్సైడ్ అనీ, చెక్క కాలినా బట్ట కాలినా అది వస్తుందనీ, పీవీసీని ఒక్కదాన్నే తిట్టడం తగదనీ వాళ్ళంటారు. మాట నిజమే. కానీ కార్బన్ మోనాక్సైడ్ పనిచేయడానికి కొంత సమయం పడుతుంది, ఆలోగా మనిషి మెట్లు దిగి బయటపడొచ్చు. ఆ సమయంలోనే ఈ నల్లటి పొగ దారి కనబడనివ్వదు, ఆమ్లం కళ్ళు తెరవనివ్వదు. మనిషిని కదలకుండా పట్టుకునేది ఒకటి, ప్రాణం తీసేది ఇంకొకటి. పట్టుకున్నవాడు నిర్దోషి ఎలా అవుతాడు?

ఈ సంగతి ప్రపంచానికి తెలియక కాదు. 1975 ఫిబ్రవరి 27న న్యూయార్కులో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కేబుళ్ళు కాలి లక్షా 70 వేల ఫోన్లు మూడు వారాలు మూగపోయాయి. మంట సోకని యంత్రాలను కూడా ఆమ్లపు పొగ తినేసింది. నెల తిరక్కుండానే, మార్చి 22న, అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రం. అక్కడ కేబుళ్ళు గోడ దాటే రంధ్రాల్లో గాలి కారుతోందేమో చూడటానికి ఒక కార్మికుడు కొవ్వొత్తి పట్టుకున్నాడు. అణు కేంద్రంలో కొవ్వొత్తి! రంధ్రం మూయడానికి పెట్టిన పాలీయురెథేన్ ఫోమ్ అంటుకుంది. 1,600కు పైగా కేబుళ్ళు దెబ్బతిన్నాయి, మంట ఆరడానికి ఏడు గంటలు పట్టింది. కరెంటు కేబుళ్ళ మీద నీళ్ళు కొట్టకూడదని అధికారులు చాలాసేపు పట్టుబట్టారు. చివరికి నీళ్ళు కొడితేనే ఆరింది. ఆ తరువాత అమెరికా తన అణు కేంద్రాలకు అగ్ని నిబంధనలన్నీ తిరగరాసింది.

మనం నేర్చుకున్నామా? 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైను బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ కారి మంట లేచింది. మంట కేబుళ్ళ వెంట పాకింది. అసలు సరఫరా పోతే ఆదుకోవాల్సిన కేబుళ్ళు కూడా అదే దారిలో వేసి ఉన్నాయి. రెండూ పోయాయి. 17 గంటలు కేంద్రం మొత్తం చీకటి. పొగతో కంట్రోల్ రూము ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. సిబ్బంది టార్చి లైట్లు పట్టుకుని రియాక్టరు భవనం పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పి బోరాన్ ద్రవం వదిలారు. ఆ రోజు ఉత్తర భారతాన్ని కాపాడింది ఆ మనుషుల ధైర్యం. బ్రౌన్స్ ఫెర్రీకి 18 ఏళ్ళ తరువాత జరిగింది ఇది.

మన దగ్గరిది చూడండి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం. 900 మెగావాట్ల కేంద్రం, కొండ లోపల. ప్యానెళ్ళ దగ్గర లేచిన మంట కేబుళ్ళను పట్టుకుంది. తొమ్మిది మంది బలయ్యారు, ఇంజనీర్లూ సిబ్బందీ, బ్యాటరీల పని మీద వచ్చినవాళ్ళూ. సొరంగం నిండా పొగ కమ్ముకుని సహాయక బృందాలు లోపలికి పోలేక మర్నాటి దాకా శవాలను బయటికి తేలేకపోయాయి. అప్పుడూ పేపర్లలో అదే మాట, షార్ట్ సర్క్యూట్. సరే, నిప్పు ఎలా పుట్టిందో చెప్పారనుకుందాం. అది పక్క ప్యానెలుకు ఎలా పాకింది? అంత పొగ దేన్నుంచి వచ్చింది? ఆ పొగ మనిషి తప్పించుకునే దారిలోకే ఎందుకు వచ్చింది? ఒక్క మాటతో ఈ మూడు ప్రశ్నలూ మాయమైపోయాయి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఆరుగురు, 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పిల్లలతో సహా 17 మంది. రెండుచోట్లా మొదటి రోజే అదే మాట వినబడింది.

బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న జరిగింది అపార్ట్‌మెంట్లలో ఉండే ప్రతివాడూ తెలుసుకోవాలి. మంట కేబుళ్ళు వెళ్ళే నిలువు డక్టులో పుట్టింది. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య మూసి లేని డక్టు అంటే పొగగొట్టమే. తొమ్మిది మంది చనిపోయారు, కొందరు ఊపిరాడక పై నుంచి దూకేసి.

మరి వైరు ప్యాకెట్టు మీద "ఎఫ్ఆర్" అని రాసి ఉంటుంది కదా అంటారు. అది తాయెత్తు కాదు. ఎఫ్ఆర్ అంటే మంట త్వరగా పాకదని అర్థం, అసలు కాలదని కాదు. పొగ గురించి అది ఏమీ చెప్పదు. ఎఫ్ఆర్ఎల్ఎస్ రకంలో ఆమ్ల వాయువుకు బరువులో 20 శాతం హద్దు, పొగకూ ఒక హద్దు పెట్టారు. హాలోజన్ లేని రకానికి ఐఎస్ 17048 అని 2018లో వేరే ప్రమాణమే వచ్చింది. అందులో క్లోరిన్ బదులు అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటివి నింపుతారు, వేడెక్కితే అవి నీటి ఆవిరి వదులుతాయి. పరీక్షలోనూ తిరకాసు ఉంది. ఒక్క వైరును నిలబెట్టి మంట పెడితే ఆరిపోయిన రకమే, యాభై వైర్లు కట్టగా కడితే పై దాకా మండొచ్చు. కట్టకు వేరే పరీక్ష ఉంది. మీ డక్టులో ఉండేది ఒక్క వైరా, కట్టా?

ఢిల్లీ మెట్రో సొరంగాల్లో, యుద్ధనౌకల్లో ఈ హాలోజన్ లేని కేబుళ్ళే వాడతారు. మూసుకున్న చోట పొగ ఏం చేస్తుందో వాళ్ళకు తెలుసు. ఆసుపత్రిలో మంచం మీద పడుకున్న రోగీ మూసుకున్న చోటే ఉన్నాడు. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో సుమారు 90 మంది, ఎక్కువ మంది రోగులే, పొగకే పోయారు. అక్కడ కాలింది బేస్‌మెంటులో పోగేసిన సరుకు. పొగకు తలుపు తెరిచి పెడితే అది దేని పొగైనా ఒకటే.

ఎల్-1 అంటే తక్కువ ధర టెండరు అనీ, దానివల్లే నాసిరకం వస్తుందనీ అందరూ తిడతారు. ముప్పై ఏళ్ళు టెండరు కాగితాలు చదివినవాడిగా చెబుతున్నాను, తప్పు ఎల్-1 ది కాదు. స్పెసిఫికేషనులో ఏం రాస్తే దానిలో తక్కువ ధర వస్తుంది. "ఐఎస్ఐ మార్కు రాగి వైరు" అని మాత్రమే రాసి, పొగ గురించి ఒక్క ముక్క రాయకపోతే, ఎక్కువ పొగ వదిలే వైరే గెలుస్తుంది. గెలవాలి కూడా, నియమం అదే.

మన సంఘం సభల్లో బాబాల మహిమలు విప్పి చూపిస్తాం కదా, ఈ మధ్య నేనొక చిన్న ప్రదర్శన చేర్చాను. ఆరుబయట, గాలి వీచే వైపు నిలబడి, మామూలు వైరు తొడుగు చిన్న ముక్క కాల్చి, తడిపిన నీలి లిట్మస్ కాగితం పొగలో పెడతాను. ఎర్రబడుతుంది. ఎర్రగా కాలిన రాగి తీగను ఆ ప్లాస్టిక్‌కు తాకించి మళ్ళీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా వెలుగుతుంది, క్లోరిన్ ఉందని గుర్తు. ఏ స్వామి చేతిలోనైనా ఉంటే మహిమ అయ్యేది. ఇంట్లో మాత్రం చెయ్యకండి, ఆ పొగ పీల్చదగింది కాదు.

చివరగా మా అపార్ట్‌మెంటు సంగతి. ఇరవై ఫ్లాట్లు. ఇరవై మీటర్లూ మెట్ల కింద, ప్లైవుడ్ తలుపు ఉన్న ఒక బీరువాలో. పక్కనే స్కూటర్లు, పాత పేపర్ల కట్టలు. దిగడానికి ఉన్నవి ఆ మెట్లొక్కటే. మీటర్ల దగ్గర అంటుకుంటే పొగ మొత్తం మెట్ల మీదుగానే పైకొస్తుంది. దసరాకు మీటర్ల పెట్టెకు పసుపు కుంకుమ పెడతారు, నిమ్మకాయ కోస్తారు. ఈశాన్యంలో గోడ సరిగా లేదని వాస్తు పండితుడు చెబితే నిరుడు అసోసియేషను డబ్బుతో గేటు పగలగొట్టి కట్టించారు. నేను మీటర్లను బయటి గోడకు మార్పిద్దామంటే సెక్రటరీ కుర్రాడు, "అంకుల్, మెట్లు ఆగ్నేయంలోనే ఉన్నాయి కదా, కరెంటు అక్కడే ఉండాలి. వాస్తు ప్రకారం కరెక్టే" అన్నాడు. సాఫ్ట్‌వేరు ఇంజనీరు. మంచివాడే, నా బీపీ మందులు తెచ్చిపెడతాడు. "బాబూ, మరి మనం దిగాల్సింది కూడా ఆగ్నేయంలోంచే కదా" అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

ఎలక్ట్రీషియన్ను పిలిచి డక్టు చూపించాను. నాలుగో అంతస్తులో పిల్లలు గోళీ వదిలితే సెల్లార్లో పడుతుంది, అంత ఖాళీ కేబుళ్ళ చుట్టూ. "ఇదెంత పని సార్, స్ప్రే ఫోమ్ కొట్టేస్తా, అరగంటలో మూసుకుపోతుంది" అన్నాడు. బ్రౌన్స్ ఫెర్రీలో కొవ్వొత్తి అంటించిన సరుకూ పాలీయురెథేన్ ఫోమే. అది చెబితే అతను నవ్వి, "అయితే ఏం పెట్టమంటారు సార్?" అన్నాడు. రాక్‌వూల్ కూరి, పైన నిప్పు ఓర్చే సీలెంటు పూయాలి, ప్యాకెట్టు మీద ఎన్ని గంటలు ఓరుస్తుందో రాసి ఉన్నదే తేవాలి అన్నాను. ధర కనుక్కుని చెబుతానని వెళ్ళాడు. వచ్చే జనరల్ బాడీ ఎజెండాలో రాతపూర్వకంగా పెట్టాను: అంతస్తు అంతస్తుకూ డక్టు మూయడం, మీటర్లు బయటికి మార్చడం, మెట్ల కింద స్కూటర్లు తీయించడం. వినాయక మండపం లైటింగు ఖర్చు తరువాతి అంశం.